తక్కువొచ్చిన కార్డులు

3 ఏప్రిల్ 2007, మంగళవారం

కరెంటు మూడుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ నా స్క్రిప్ట్ మొదటి కార్డు నుంచి మొదలు. ఒక మిషన్ ఆస్పత్రి పాత కేస్ కార్డులు నలభై ఒక్క వేలు. ఆపరేటర్లు టైపు చేస్తారు, కార్డుకో ఫైలు. నా పైథాన్ స్క్రిప్ట్ వాటిని సర్వర్‌లోకి ఎక్కించి, అన్నీ అయ్యాక ఆ ఫైళ్లను చెరిపేస్తుంది.

మా లీడ్ వేణుమాధవ్ గారు కుర్చీ వెనక నిలబడి, ఏందమ్మా, మళ్ల షురూకెళ్లేనా అన్నారు. ఆయన వెనక నిలబడితే నా వేళ్లు పనిచెయ్యవు.

సాయంత్రానికి చేశాను. ఒక్కో కార్డు అవగానే దాని నంబరు వేరే ఫైల్లో రాసుకుంటుంది. ఆగితే, ఆ నంబరు తర్వాత నుంచి మొదలుపెడుతుంది.

4 ఏప్రిల్

ఇప్పుడు కరెంటుకి ఆగదు, ఎర్రర్‌కి ఆగుతుంది. ఒకచోట తేదీ ఖాళీ. ఒకచోట వార్డు లేదు. ఒక్కొక్కటీ దిద్దుతున్నాను.

ఇట్ల దిద్దుకుంట కూసుంటే దసరా అయితది, ఏమొచ్చినా ఆగొద్దు, రేపటికి డన్ కనబడాలె అన్నారు వేణుమాధవ్ గారు. మరి ఎర్రర్ వచ్చిన కార్డుల సంగతేమిటని అడగాలనుకున్నాను. అడగలేదు. రెండు లైన్లు రాశాను: ఏ తప్పు వచ్చినా మాట్లాడకు, తర్వాతి కార్డుకి వెళ్లు.

5 ఏప్రిల్

డన్. అందరికీ ఎగ్ పఫ్‌లు తెప్పించారు.

10 ఏప్రిల్, మంగళవారం

ఆస్పత్రి లెక్కకి 1,140 కార్డులు తక్కువొచ్చాయి. అన్నీ ప్రసూతి వార్డు డబ్బాలవే. టైపు చేసింది సలోమి. నా పక్క సీటు.

వేణుమాధవ్ గారు అందరి ముందూ అన్నారు: గుడ్ ఫ్రైడే తొందరల డబ్బాలు పక్కకు నూకి పోయినవా? సలోమి, ఒక్కటి సుత విడిచిపెట్టలే సార్, ఫైళ్లు చూడుండ్రి అంది. ఫైళ్లు లేవు. శుక్రవారం ఆస్పత్రి నుంచి ప్రభుదాస్ గారు వస్తారట. ఆయనకి జవాబు చెప్పాలి కాబట్టి ఆ రోజే సలోమిని తీసేస్తారట.

అదే రోజు, సాయంత్రం 4

స్టోర్ రూమ్‌లో ఆ కార్డుల డబ్బా ఒకటి తెరిచాను. బేబీ ఆఫ్ లోవలక్ష్మి, ఏజ్ 2 డేస్. బేబీ ఆఫ్ భవాని, ఏజ్ 3 వీక్స్. నా స్క్రిప్ట్‌కి వయసంటే అంకె ఒక్కటే. పక్కన మాట ఉంటే ఎర్రర్. ఎర్రర్ వస్తే మాట్లాడకు. నంబరు అయిపోయినట్టు రాసుకుంది. చివర్లో ఫైలు చెరిపేసింది.

సలోమి అన్నీ టైపు చేసింది. పారేసింది నేను.

11 ఏప్రిల్

ఉదయం ఏడింటికే వచ్చాను. నేనే మళ్లీ టైపు చేస్తున్నాను. శుక్రవారంలోపు ఎక్కించేస్తే లెక్క సరిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

కాన్వెంట్‌లో పదేళ్లూ నా రిపోర్టు కార్డులో ‘క్వయట్ చైల్డ్’ అని రాశారు. అమ్మ దాన్ని చుట్టాలందరికీ చూపించేది.

190 అయ్యాయి.

12 ఏప్రిల్

కరెంటు రెండు గంటలు లేదు. సలోమి కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. పక్కనే ఉన్నవ్ గద దేవికా, నేను టైపు చేస్తుంటే చూసినవ్ గద, జెర సార్‌కు చెప్పరాదూ అంది.

చూస్తాను అన్నాను.

చూస్తాను అన్నాను! కార్ఖానా స్టాపు నుంచి ఇంటిదాకా బస్సులో నిలబడి అదే మాట. నా ప్రొబేషన్ ఈ నెలాఖరుకి అయిపోతుంది. అది కూడా తలచుకున్నాను. రాయకుండా ఉండలేను.

మొత్తం 430. రేపటికి అవదు. ఏం చేసినా అవదు.

13 ఏప్రిల్, శుక్రవారం

వచ్చీరాగానే ఆ రెండు లైన్లూ తీసేశాను.

పదకొండింటికి ప్రభుదాస్ గారు వచ్చారు. సలోమి బ్యాగు భుజాన వేసుకుని గోడ దగ్గర నిలబడింది. నేను లేచాను. స్క్రీన్ వాళ్లవైపు తిప్పి, ఒక పాప కార్డు ఇచ్చి రన్ చేశాను. ఆగిపోయింది. ఫైలు పేరు, లైను నంబరు, ‘2 డేస్’, అన్నీ తెర మీద పడ్డాయి.

అప్పుడు చెప్పాను. సలోమి టైపు చేసింది, తప్పు నా స్క్రిప్ట్‌ది, మంగళవారం నుంచీ నాకు తెలుసు.

వేణుమాధవ్ గారు, మూడు దినాల సంది నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా అన్నారు. ఆగొద్దన్నది ఆయనేనని నేను అనలేదు. ప్రభుదాస్ గారు మాత్రం, కార్డులున్నాయి కదమ్మా, బుధవారానికి ఇవ్వండి చాలు అన్నారు.

నా కన్ఫర్మేషన్ ఆపేశారు. సలోమి బ్యాగు కింద పెట్టింది. నావైపు చూడలేదు.

16 ఏప్రిల్

ఎర్రర్ వస్తే ఇప్పుడు ఆ కార్డు నంబరూ కారణమూ వేరే ఫైల్లో పడతాయి. ఎక్కని ఫైలు చెరిగిపోదు. సలోమి కార్డులు చదువుతోంది, నేను టైపు కొడుతున్నాను. కార్డులో ఉన్నది తప్ప ఇంకో మాట లేదు.

18 ఏప్రిల్

1,139 ఎక్కాయి. ఒకటి ఎర్రర్ ఫైల్లో పడింది. ఏజ్ 40 మినిట్స్. స్క్రిప్ట్‌లో రోజులకీ వారాలకీ నెలలకీ లైన్లు రాశాను. నిమిషాలు నాకు తట్టలేదు.

సలోమి ఆ కార్డు నా ముందు పెట్టింది. దీన్ని విడిచిపెట్టకు దేవికా అంది.

లైను రాశాను. ఎక్కింది.