మొదటి పిడికెడు పసుపు

ఆర్మూర్,
శనివారం

బామ్మర్ది బాబురావుకు మీ బావ కాశీరాం దీవెనలు.

ఫోనులో నాకు మాట రాదు. నువ్వు చెబుతూ పోతే నేను ఊఁ అంటాను, నువ్వు దాన్ని ఒప్పుకోలు అనుకుంటావు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. ఓపికతో చదువు.

మీ అక్క గంగమణి దవాఖానలో ఉంది. కొమ్ములు పట్టే మన గిర్నిలో కొత్త మాల్ ఆడినప్పుడల్లా మొదటి పిడికెడు పసుపు ఆమె ముఖానికి రాసుకున్నాకే సంచుల మూతి కుడతామని నీకు తెలుసు. నిన్న కూడా రాసుకుంది. కాసేపటికే మంట అన్నది. ఎంత కడిగినా ఆ పచ్చదనం పోలేదు. చెంపలు పొక్కి నీరు కారింది. కళ్లు మూసుకుపోయాయి. పెదవులు వాచి మాట కూడా సరిగా రావడం లేదు.

షార్జాలో నీ దుకాణానికి పోయే మాల్ చూసుకొమ్మని నువ్వు పంపిన రఘునందన్‌ని పిలిచాను. "ఏం కలిపినవ్ బిడ్డా?" అన్నాను. అంతే అడిగాను.

"రంగు. అక్కడ పక్క దుకాణపోని పసుపు మెరుస్తది, మనది మట్టి లెక్క కొడ్తది. గీ ముసలామెను ఎవలు రాసుకొమ్మన్నరు?" అన్నాడు.

నేను రంగు డబ్బా ఎత్తి మురికి మోరీలో పోయబోయాను. స్పానర్‌తో దవడ మీద కొట్టాడు. పడిపోతే కడుపులో తన్నాడు. పసుపు దుమ్ములో నా నోటి రక్తం పడి ముద్ద కట్టింది. సంచులు మోసే భాగ్యవ్వ అడ్డం వచ్చి, "నీ తాత తీరున్నడు గదరా, నీ చేతులిరుగ!" అని అరిస్తే ఆమెనూ గోడకేసి నెట్టాడు.

నువ్వక్కడ అరబ్బు భాగస్వామిని ఒప్పించి దుకాణం పెట్టావు. సంచి మీద నీ పేరూ నా పేరూ పక్కపక్కనే అచ్చు వేయించావు. మన చిన్న గిర్ని పసుపు సముద్రం దాటిందని మీ అక్క వాడకట్టంతా చెప్పుకుంది. ఈ పని నీకు తెలిసి జరిగిందని నేను అనుకోను. ఆమె అసలు అననివ్వదు. "మా తమ్ముడు గట్ల చెయ్యడు" అంటుంది, ఆ వాచిన నోటితోనే. తెలియదని ఒక్క మాట ఆమెకు చెప్పు. వాణ్ణి వెనక్కి పిలిపించుకో. సోమవారం లారీ ఎక్కే మాల్ ఆపు.

మీ బావ
కాశీరాం


మంగళవారం

బాబురావూ,

ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు నేను మీ అక్క పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టింది.

"గది ఎగుమతి మాల్ అక్కా. నువ్వెందుకు రాసుకున్నవ్? నీకు యేరే సంచి పక్కకు పెట్టమని రఘుకు చెప్పిన గదా" అన్నావు.

"మరి అక్కడోళ్లయి ముఖాలు గావా తమ్మీ?" అన్నది.

"వాళ్లు ముఖానికి రాసుకోరక్కా. కూరల ఏసుకుంటరు."

ఆమె ఫోను పెట్టేసింది.

సోమవారం డాక్టర్ వద్దన్నా లేచి వచ్చింది. గిర్ని ముందు లారీ ఉంది. కొడవలి తీసుకుని సంచుల కడుపులు కోసింది. ఒకటి తరువాత ఒకటి. రఘునందన్ ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. పొక్కిన చెంప నేలకు రాసుకుపోయి తోలు లేచింది.

ఇనుప రాడ్ నా చేతికి ఎలా వచ్చిందో తెలియదు. వాడు చెయ్యి అడ్డం పెడితే చెయ్యి విరిగింది. ఆ చప్పుడు విన్నాక కూడా ఆగలేదు. మోకాలి మీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. "సాలు కాకా, సస్తడు!" అని భాగ్యవ్వ నన్ను వెనక నుంచి పట్టుకుంది. లేకుంటే చంపేవాణ్ణే. వాడు నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడు. ఇక సరిగా నడవలేడట.

"ఎందుకు కొట్టినవ్ పెద్దాయనా?" అని ఎస్సై అడిగాడు. గంగమణి కొంగు తీసి ముఖం చూపించింది. రేపు మళ్లీ స్టేషన్‌కు రమ్మన్నారు. జైలు తప్పదంటున్నారు. పోతాను.

పోయిన లోడులోనూ రంగు ఉందని రఘునందన్ దవాఖాన మంచం మీదనే పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. అది నీ దుకాణంలో ఉంది. భాగ్యవ్వ కొడుకు షార్జాలోనే పని చేస్తాడు. వాడి ద్వారా నీ అరబ్బు భాగస్వామికి అంతా చెప్పించాను. మీ అక్క ముఖం ఫొటో, రంగు డబ్బా ఫొటో కూడా పంపించాను. ఆ సంచుల మీద నా పేరూ ఉంది గనక నా గిర్ని కూడా మూతపడుతుంది. పడనీ. ఎవరూ అది తినకూడదు.

ఇంతవరకు రాసింది మీ అక్కకు చదివి వినిపించాను. ఇదొక్కటి రాయమన్నది:

"వస్తే అన్నం పెడ్త. నా ముఖం మాత్రం నీకు సూపియ్య."

గంగమణి పెనిమిటి
కాశీరాం