ఎడమ చేతి తీగలు

కొవ్వూరు,
9-8-1998

ఆశా, నాన్న దీవెనలు. బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను.

అమ్మ పోయి ఏడాదయ్యే రోజు ప్రార్థనలో ఒక్క పాటైనా వాయిద్దామని, చర్చిలో ఉన్న ఆమె గిటారు తెచ్చుకుని నేర్చుకుంటున్నాను. పుస్తకం బొమ్మలో లావు తీగ పైన ఉంది, దీనికి కింద ఉంది. ఎవరో తప్పుగా బిగించారనుకుని ఆరు తీగలూ విప్పి తిరగేశాను. రెండు తెగాయి.

నేర్పే విజయ్ పాల్ చూసి, "అయ్యో మాస్టారూ! అమ్మగారిది ఎడం చెయ్యి కదండీ, అందుకే అలా కట్టించుకున్నారు. చర్చిలో పిల్లలక్కూడా తెలుసు, మీకు తెలీదేంటండి?" అన్నాడు.

ఒకప్పుడు తెలుసు. పెళ్లయిన కొత్తలో మీ నానమ్మ ముందు, "ఎడం చేత్తో వడ్డిస్తావేంటి?" అని కసిరాను. ఇంట్లో ఆమె మళ్లీ ఆ చెయ్యి వాడలేదు. ఆ చప్పుడు నాకు తలనొప్పని గిటారును చర్చికి పంపించిందీ నేనే. అక్కడ ఆమె వాయిస్తుంటే పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

తీగలు మళ్లీ ఆమె కట్టుకున్నట్టే కట్టించాను. ప్రార్థన రోజు నేను వాయించను.

ఆవకాయ మీద నూనె తగ్గింది. కాచి పోయాలా, పచ్చిదే పోయాలా? రాయి.

మొన్న మీ ఇంట్లో మెర్సీ పాప ఎడమ చేతిలోంచి బలపం లాగి కుడి చేతిలో పెట్టాను, ఏడ్చింది. మళ్లీ ఎడమ చేతికే ఇవ్వు. తాతయ్యదే తప్పని చెప్పు. గిటారు దానికోసం ఉంచుతాను.

అల్లుడు గారిని అడిగానని చెప్పు.

నాన్న