సర్పంచ్ సాబ్ లేడా?

మహారాజశ్రీ మావారికి, మీరు ఇల్లిల్లూ తిరిగి గెలిపించిన సర్పంచ్ నమస్కరించి రాయునది.

శిక్షణకు వచ్చిన దగ్గర్నుంచి మీతో మాట్లాడాలనే ఉంది. కానీ ఫోన్ ఎత్తగానే మీరు "హలో, సర్పంచ్‌ను మాట్లాడుతున్న" అంటారు. అవతల సర్పంచ్ ఉంటే ఇవతల నేనెవరిని? అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ మమ్మల్ని "గౌరవ సర్పంచ్ గారూ" అని పిలుస్తున్నారు. మొదటిరోజు అలా పిలవగానే, మీరు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

మన ఊళ్లో నేను సర్పంచమ్మను కదా! పంతులమ్మ అంటే పాఠం చెప్పే మనిషే. సర్పంచమ్మ అంటే మాత్రం సర్పంచ్‌కు చాయ్ పెట్టే మనిషి. సాబ్ అనే మాట మీకే రాసిపెట్టి ఉంది.

నేను బయలుదేరే ముందురోజు దుర్గమ్మవ్వ పింఛన్ కాగితం మీద సంతకం కోసం వచ్చింది. మీరు తొర్రూరు వెళ్లారు. తలుపు నేనే తీశాను.

"సర్పంచ్ సాబ్ లేడా బిడ్డా?"

"సంతకం పెట్టేది నేనే అవ్వా."

"గట్లనా! అయినా జర సాబ్‌ను రానియ్యి, మల్లొస్త" అని ఆ ఎండలోనే కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఓటేసిన మనిషే!

మీకూ ఒక పిలుపు ఉండాలి కాబట్టి, ఇకనుంచి సర్పంచయ్య అనమని ఊరికి నేనే చెబుతాను. అలగకండి.

ఈ ఉత్తరం అందగానే అవ్వ ఇంటికి వెళ్లి, "సర్పంచ్ సోమవారం నీ ఇంటికే వస్తది, సంతకం పెడ్తది" అని మీ నోటితో చెప్పండి. అలవాటు కొద్దీ "వస్తడు" అనేరు, జాగ్రత్త.

ఇట్లు,
తలుపు తీసిన సర్పంచ్