సంచితో సహా నాటండి

నాన్నకి,

నీ ఎలక రాస్తోంది. ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు "ఊ" అని ఊరుకుంటావు, ఆ "ఊ" తర్వాత నాకు నోరు పెగలదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మా బాల్కనీలో అయిదు కుండీలున్నాయి. మొక్కలేమీ లేవు, ఉత్త మట్టి. ఒక్కోదాంట్లో మూడు ముక్కలు పాతిపెట్టాను: పాత పేపరు ముక్క, నూలుగుడ్డ ముక్క, మా ఫ్యాక్టరీలో మొక్కజొన్న నుంచి తయారుచేసే ప్లాస్టిక్ సంచి ముక్క. వెతుక్కోకుండా ఉండటానికి ఎర్రదారాలు కట్టాను. నెలకోసారి మాత్రమే తవ్వాలని నాకు నేనే షరతు పెట్టుకుని, నాలుగో రోజునే తవ్వేశాను. చిన్నప్పుడు గింజలు నాటి, మొలకలొచ్చాయేమోనని రోజూ తవ్వి చూస్తుంటే నువ్వే కదా నాకు ఎలక అని పేరు పెట్టావు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా చెంచా పట్టుకుని కూర్చుంటున్నాను. "ఆ మట్టినైనా కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వు" అంటాడు మా ఆయన.

పేపరు రెండు నెలల్లో మాయమైంది. గుడ్డ నాలుగో నెలకి పోగులైపోయింది. సంచి ముక్కకి తొమ్మిది నెలలు నిండాయి. నిన్న కడిగి తుడిచి చూస్తే, దాని మీద అచ్చేసిన ఆకుపచ్చ ఆకు బొమ్మ కూడా చెక్కుచెదరలేదు.

నీ నర్సరీలో నిమ్మ, దానిమ్మ పెంచుతున్నది ఈ సంచుల్లోనే. ఇకమీదట ఏ మొక్క అమ్మినా, వెనకటి నల్ల సంచులకి చెప్పినట్టే, సంచి చించి నాటమని చెప్పు. ఎవరైనా ఎందుకని అడిగితే మాట దాటెయ్యి.

నీ ఎలక

* * *

నాన్నా,

పది రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కాలు ఒకచోట నిలవడం లేదు నాకు. పోయినసారి సగమే రాశాను, మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

"చించనక్కర్లేదు, సంచితో సహా నాటండి. మట్టిలో కలిసిపోతుంది" అని సంచి మీద ఉంటుంది చూడు, ఆ వాక్యం రాసింది నేనే. మా ల్యాబులో తడి ఎరువులో అరవై డిగ్రీల వేడి పెట్టి చూశాం. మూడు నెలల్లో నిజంగానే పొడి పొడి అయిపోయింది. కానీ ఎవరి పెరట్లో మట్టి అంత వేడిగా ఉంటుంది? ఆ అనుమానం నాకు అప్పుడే వచ్చింది. సంచులు నీ దాకా వచ్చాక కూడా పైకి అనలేదు.

ఎందుకో చెబుతాను. మొక్క కొన్నవాళ్ల వెనకే వీధి దాకా వెళ్లి "సంచి చించడం మరిచిపోకండి" అని ముప్పై ఏళ్లు చెప్పినవాడివి, మా సంచులు రాగానే ఆ మాట మానేశావు. "ఇది మా అమ్మాయి చేసిన సంచి, అలాగే నాటెయ్యండి" అన్నావు. ఆ రోజు నేను నీ వెనకే కుండీలు సర్దుతున్నాను. నువ్వు నా గురించి ఇంకొకరి దగ్గర గొప్పగా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆ మాట పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. సిగ్గుగా ఉంది నాన్నా.

మేనేజరుకి కుండీలోని ముక్క చూపించాను.

"అరవై డిగ్రీల్లో కలిసిపోతుందా, లేదా?" అన్నాడు.

"కలిసిపోతుంది."

"మరి ఇందులో అబద్ధమేముంది?"

నెలాఖరున కొత్త సంచులు అచ్చుకి వెళ్తాయి, అక్కణ్ణుంచి లారీల్లో ఎన్నో ఊళ్ల నర్సరీలకి. ఆ వాక్యం సరిగ్గా ఉందని నేను సంతకం పెట్టాలి. పెట్టేద్దామనే అనుకుంటున్నాను. నేను కాదంటే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని పెడతారు. నీ మొక్కలు బాగుంటే నాకు చాలు. నువ్వు మాత్రం చించే అమ్ము, సంగతి మన మధ్యే ఉండనీ. ఒక్క ముక్క రాయి.

నీ ఎలక

* * *

ఎలకమ్మా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రాయడం నాకు చేతకాదని తెలుసుగా, ఆలస్యమైంది.

ఈ సంగతి నాకు పోయిన వానల్లోనే తెలుసు. ఒకావిడ నిమ్మమొక్క వడిలిపోయిందని పీక్కొచ్చి నా ముందు పెట్టింది. వేళ్లు బయటికి దారిలేక సంచిలోనే చుట్టలు చుట్టుకుపోయాయి. వెంటనే నీకు ఫోన్ చేశాను. నువ్వు ఆ రోజే ప్రమోషన్ వచ్చిందని నవ్వుతూ చెబుతున్నావు. "ఊ" అన్నాను. ఈసారి నేను "ఊ" అంటే ఏమిటని అడుగు.

అప్పట్నుంచి ప్రతి సంచినీ అమ్మే ముందు నేనే బ్లేడుతో నాలుగు వైపులా కోస్తున్నాను. అంతకుముందు అమ్మినవి వంద పైనే ఉంటాయి. గుర్తున్న ఇళ్లకి సైకిలేసుకుని వెళ్లాను. మొక్క ఎలా ఉందో చూసిపోదామని వచ్చానని చెప్పి, మొదలు తవ్వి, సంచి కోసి, మళ్లీ మట్టి కప్పేసి వచ్చాను. ఒకాయన "ఇంత శ్రద్ధ ఉన్న నర్సరీవాణ్ణి ఎక్కడా చూడలేదండీ" అని కాఫీ ఇచ్చాడు. తాగలేక తాగాను. ఒక్క ఇంట్లోనూ నిజం చెప్పలేదు. మా అమ్మాయి చేసిన సంచి అని ఊరంతా చెప్పుకున్న నోరు కదా, పెగల్లేదు. కాబట్టి నిన్ను తిట్టే మొహం నాకు లేదు.

రేపట్నుంచి ఆ ఇళ్లన్నీ మళ్లీ తిరుగుతాను. ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాను. తొమ్మిది నెలలు కుండీల్లో తవ్వి తవ్వి మా అమ్మాయే పట్టుకుందని చెబుతాను. మొదటి మాటకంటే ఇది చెప్పుకోవడమే నాకు బాగుంది.

నాకు తెలిసిన ఇళ్ల సంగతి నేను చూసుకుంటాను. లారీలెక్కే సంచులు ఏ ఇళ్లకి చేరతాయో నాకేం తెలుసు? అంత దూరం నా సైకిలు వెళ్లదు. సంతకం పెట్టకు.

ఉద్యోగం పోతే వచ్చెయ్యి. ఇక్కడ తవ్వే పని బోలెడుంది.

మీ నాన్న