మారుతికి ఇంజెక్షన్

ఫిబ్రవరి 4, మంగళవారం

రోహిణి తన పాత మారుతి 800 తీసుకొచ్చింది. కోదండరామి కూతురు. వాళ్ళకు లారీలున్నాయి, దేశనూరులో మాగాణి ఉంది, ఇంటి ముందు పెద్ద కార్లున్నాయి. అయినా ఆ పిల్లకు ఈ చిన్న బండి మీదే ప్రాణం. ఏప్రిల్‌లో హొసపేట దగ్గర మట్టి ట్రాక్ మీద రేసు ఉందట. కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాలట. బెంగళూరులో చేస్తారు కదమ్మా అన్నాను.

"వాళ్ళు నా బండిని జూసి నగినారు చిదానందన్నా. నువ్వే చేయల్ల" అంది.

ఇదివరకు ఎప్పుడూ చేయలేదని చెప్పాను. చేస్తానని కూడా చెప్పాను. ఎందుకు ఒప్పుకున్నానో మాత్రం చెప్పలేదు.

ఫిబ్రవరి 5

ఇక్కడైనా రాయాలి. మా ఆవిడ సవితకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదువంతా కన్నడ మీడియం. ఈ డైరీ చదవలేదు, కాబట్టి భయం లేదు.

నాకు చెవులు తగ్గుతున్నాయి.

కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ, ఇంజన్ గొంతు వింటూ సరిచేసేవాణ్ణి. నా గ్యారేజీ ఉన్న కౌల్ బజార్‌లో నా పేరంతా దానివల్లే. ఇప్పుడు ఆ సన్నని తేడా అందడం లేదు. చేసిన బండ్లు తిరిగొస్తున్నాయి. పెట్రోలు బాగాలేదని సాకు చెబుతున్నాను. ఇంజెక్షన్ అయితే ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో అంకెలు కనబడతాయి. కళ్ళు బాగానే ఉన్నాయి నాకు.

ఫిబ్రవరి 19

ట్యాంకులో కొత్త పంపు పెట్టాను. ఇది పెట్రోలును చాలా గట్టిగా తోస్తుంది, అందుకే పైపులన్నీ మార్చాల్సి వచ్చింది. మూడు ఇంజెక్టర్లు కూర్చున్నాయి. వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. కింద అక్షరాలు వచ్చే వీడియోలే.

పక్క టైర్ల షాపు ఉచ్చెంగెప్ప వచ్చి, "ఏమప్పా, బండికి ఇంజెక్షనా? జొరమొచ్చిండాదా?" అని అడిగి తనే నవ్వుకున్నాడు.

మార్చి 2

స్టార్ట్ కాలేదు.

మార్చి 3

కాలేదు.

మార్చి 4, సాయంత్రం

సెన్సర్ వైర్లు రెండూ తారుమారయ్యాయి. నేనే చేశాను. మార్చి తాళం తిప్పగానే ఒక్కసారికే అందుకుంది. రోహిణి గ్యారేజీ మధ్యలో చిన్నపిల్లలా గంతులేసింది. ఉచ్చెంగెప్ప అందరికీ టీ చెప్పాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ కొత్తగా పని నేర్చుకున్నట్టుంది.

మార్చి 16, ఆదివారం

కంప్లి రోడ్డు మీద ట్యూనింగ్. రోహిణి తోలింది, నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. పెట్రోలు లెక్క కుదిరింది. స్పార్క్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణం, కొంచెం ముందుకు జరిపితే బలం పెరిగింది. ఆశ పుట్టింది. ఇంకొంచెం జరిపాను.

మిట్ట ఎక్కేటప్పుడు రోహిణి అంది: "అన్నా, ఏందో శబ్దమొస్తాండాది. డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్ల."

సైలెన్సర్ కొత్తది కదమ్మా, అట్లే ఉంటుంది అన్నాను.

నాకేమీ వినిపించలేదు. కానీ అదేమిటో తెలుసు. నాకింగ్. టైమింగ్ మరీ ముందుకు పోతే లోపల పెట్రోలు అదుపు తప్పి పేలుతుంది, సుత్తితో కొట్టినట్టు పిస్టన్‌ను కొడుతుంది. నా ల్యాప్‌టాప్ దాన్ని చూపించదు. చెవే చెప్పాలి.

మార్చి 17

ప్లగ్గులు విప్పాను. తెల్ల పింగాణీ మీద సన్నగా మెరిసే చుక్కలు. పిస్టన్ నుంచి ఊడిన లోహం. ఇలాగే రేసుకు పంపి ఉంటే ఆ వేగంలో ఇంజన్ పగిలేది. లోపల ఆ పిల్ల.

ఒక ప్లగ్గు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

మార్చి 18

రోహిణికి ప్లగ్గు చూపించాను. చెవుల సంగతి చెప్పాను. ఆమె ప్లగ్గును వెలుతురులో తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను.

"చెవి సంగతి కాదన్నా. నేనడిగినప్పుడు సైలెన్సరని అబద్ధమెందుకు చెప్పినావు?" అంది. వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి సవితకూ చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. నాకు ఏడాదిగా తెలుసంది. కుక్కర్ విజిల్ వేసినా కదలని మనిషిని చూస్తే తెలియదా అంది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"చెవి పోతే పోనీ. నోరు బాగానే ఉండాది గదా, చెప్పేదానికేమి?"

చేట నా వైపు లాక్కుని మిగిలిన బియ్యం ఏరాను.

మార్చి 20

రోహిణి తిరిగొచ్చింది. వేరే మెకానిక్‌ను చూసుకోమన్నాను. అవసరం లేదంది. అయితే వినగలిగే మనిషి ఒకరు బండిలో ఉండాలంది. ఉచ్చెంగెప్పను అడుగుదామనుకున్నాను.

"నేనొస్తా" అంది సవిత, టిఫిన్ డబ్బా బల్ల మీద పెడుతూ.

మార్చి 23, ఆదివారం

పొద్దున సవితకు రేకు డబ్బాలో రాళ్ళేసి ఊపి చూపించాను. సిద్దక్క అంగట్లో శనిక్కాయలు కొలిచినట్లుండాది అంది. అదే అన్నాను.

వెనక సీట్లో కూర్చుంది. శబ్దం వినబడితే నా భుజం తట్టాలి. అదే ఒప్పందం. మొదటిసారి మిట్ట ఎక్కుతుంటే తడుతూనే ఉంది. టైమింగ్ వెనక్కి జరిపాను. మళ్ళీ అదే మిట్ట. తగ్గింది. మళ్ళీ జరిపాను. ఎన్నిసార్లు తిరిగామో. రోహిణి చెమటతో తడిసిపోయింది, అయినా నవ్వుతోంది. మధ్యాహ్నానికి మిట్ట పైదాకా వెళ్ళినా భుజం మీద చెయ్యి పడలేదు. అనుమానమొచ్చి వెనక్కి తిరిగి చూశాను. నిద్రపోయిందేమోనని. కళ్ళు మూసుకుని వింటోంది.

మార్చి 29

చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మిషన్ పెట్టుకోవాలట. అది వచ్చేసరికి ఇంకో నెల. దానితో ఇంజన్ సన్నని తేడాలన్నీ వినబడతాయని హామీ ఇవ్వలేనన్నాడు. బయటికొచ్చాక ఉచ్చెంగెప్పకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఇక దాచేది లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

రోహిణికి మూడో స్థానం. కోదండరామి నన్ను వాటేసుకున్నాడు.

నేను రేసు చూడలేదు. బండి మా ముందు నుంచి పోయిన ప్రతిసారీ సవిత ముఖమే చూశాను. ప్రతిసారీ గులకరాళ్ళ శబ్దం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.