రాగి చెంబులో మజ్జిగ

జూన్ 9
పెద్దది కావ్య కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పదహారేళ్ల పిల్ల... చెయ్యి వణికి సాంబారు గిన్నె వదిలేసింది. రేపు హోసూరు ఆస్పత్రికి, పోయిన వారం ఇచ్చిన పరీక్షల ఫలితాలకు. పట్టుపురుగులు పొర విడిచే నాలుగో జ్వరానికి పడుకున్నాయి, ఒక పూట ఆకు వెయ్యకపోయినా పరవాలేదు.

జూన్ 10
డాక్టరమ్మ కావ్య కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం. రక్తంలో రాగిని మోసే ప్రొటీను తక్కువ, మూత్రంలో రాగి మితిమీరి ఉంది. తిండిలోంచి వచ్చే రాగి ఒంట్లోంచి బయటికి పోవడం లేదట. లివరులో పేరుకుని, ఏళ్లుగా దాన్ని గట్టిపరుస్తోందట.
"ఇంట్లో ఏమన్నా మందు ఇచ్చినారా?"
చెప్పాను. కామెర్లకని నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి, రాగి చెంబులో రాత్రంతా ఉంచి పరగడుపున. నలభై రోజులు. అవ్వ మాకందరికీ అట్లే ఇచ్చేది.
డాక్టరమ్మ రాయడం ఆపేసింది.
"చెంబు వల్ల వచ్చింది కాదమ్మా, పుట్టుకతోనే ఉండాది. కానీ ఉన్నదానికి మీరు ఇంకా పోసినారు."
పులిసిన మజ్జిగ, రాగిని ఇంకా కరిగిస్తుందట. ఒకరోజు వద్దని ఏడిస్తే ముక్కు మూసి మరీ తాగించాను.

జూన్ 11
చెంబు అటకెక్కించాను. కింద నుంచి కూడా కనిపిస్తోంది.

జూన్ 17
జింకు మాత్ర, తిండిలోని రాగిని ఒంటికి పట్టనివ్వనిది, తిండికి గంట ముందు. ఇంకోటి రాగిని బయటికి తోసేది. చెనక్కాయల్లో రాగి ఎక్కువట, వద్దు.
"చట్నీ లేకుండా దోసె ఎట్ల తినేదిమ్మా?" అంది కావ్య.
పురుగులు గూడు కట్టేందుకు పండి పసుపెక్కుతున్నాయి. చూడబుద్ధి కావడం లేదు.

జూన్ 18
పదో తేదీన ఆస్పత్రిలో అన్న ఒక మాట రాయలేదు. రాస్తే నిజమవుతుందని.
"మీ ఆయనా నువ్వూ చుట్టాలా?"
"మా అమ్మ తమ్ముడే, డాక్టరమ్మా."
"అయితే చిన్నపాపకూ పరీక్ష చెయ్యాల."
బస్టాండులో మామ అన్నాడు... "నీలో సగం, నాలో సగం ఉండిందంట. మనకేం కాలేదు. బిడ్డకు రెండూ చేరినాయంట."

జూన్ 22
చిన్నది సిరికి రక్తం తీశారు. ఒక రోజంతా మూత్రం క్యాన్లో పట్టాలి. తొమ్మిదేళ్లది, సిగ్గుతో తలుపేసుకుంది. ఫలితం వారం తర్వాత.

జూన్ 24
సిరి గ్లాసు పట్టుకోవడం చూస్తున్నాను. జడ వేసుకోవడం చూస్తున్నాను.
"ఏందిమ్మా అట్ల చూస్తావు?"
భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

జూన్ 26
కావ్యకు మొదట చెడింది చేతిరాతే. సోమరిపోతని ఆరునెలలు తిట్టాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే సిరి చేత ఈ డైరీ వెనక పేజీలో పేరు రాయిస్తున్నాను.

జూన్ 27
గుండ్రంగా ఉంది.

జూన్ 28
బాగుంది.

జూన్ 29
ఫలితం రేపు. ఈ పొద్దు రెండో అక్షరం వంకర పోయింది.
"పెన్ను బాగలేదమ్మా" అని నవ్వి బడికి పోయింది.
అదే పెన్నుతో ఇది రాస్తున్నాను. బాగానే రాస్తోంది.