కూలిన పదో బల్ల

పాఠశాలల సరఫరా విభాగం ప్రధానాధికారి వారి సముఖమునకు,

వారంలో ఆరు రోజులు వడ్రంగి పని చేసుకొని, ఏడో రోజు నలుగురికీ వాక్యం చెప్పుకొనేవాడు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పేర్చదగిన, కదపదగిన బల్లలను పేర్చ వీలులేకుండా, కదప వీలులేకుండా చేయించిన సహాయ ఇంజినీరు వారిని శిక్షించుట గురించి, మరియు మా అక్క ఉద్యోగం గురించి.

అయ్యా,

నేను అయిదో తరగతితో బడి మానినవాడిని. నాకు వచ్చిన రాత భాష రెండు చోట్ల నేర్చుకున్నాను. కొంత లేఖనంలో, కొంత తమ ఆఫీసు నోటీసు బోర్డు మీద. కాబట్టి ఈ అర్జీలో ఎక్కడైనా శాపం లాంటిది తగిలితే అది మొదటి చోటుదనీ, అర్థం కానిది తగిలితే రెండో చోటుదనీ గ్రహించ ప్రార్థన.

1. మా ఇంటి దగ్గరి బడి హాలు ఒకటే గది. పగలు అందులో రెండో తరగతి నడుస్తుంది. సాయంత్రం ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పుతారు. ఆదివారం మధ్యాహ్నం మా ఆరాధన. తరగతికి బల్లలు కావాలి, కుట్టుపనికి నేల కావాలి, మాకు రెండూ అక్కర్లేదు, మోకాళ్ళుంటే చాలు. మా అక్క ఆ బడిలో పంతొమ్మిదేళ్ళుగా ఆయా. పిల్లలు ఆయమ్మ అంటారు. రోజూ నాలుగు గంటలకు బెల్లు కొట్టగానే బల్లలన్నీ గోడకు ఈడ్చడం, పొద్దున్నే మళ్ళీ వరసలో పెట్టడం ఆమె పని. పాత బల్లలు ఇద్దరు మోయవలసినవి. ఆమె ఒక్కతే ఈడ్చేది. ఆ చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

2. రెండేళ్ళ కిందట తమ విభాగం వారు, బడులకూ నలుగురూ వాడుకునే గదులకూ పనికొచ్చే బల్ల నమూనాలు తెమ్మని చేతిపనివాళ్ళను పిలిచారు. నేను కొలతలు బల్లతో మొదలుపెట్టలేదు, మా అక్కతో మొదలుపెట్టాను. చేతులు చాపమని ఆ చాపును కొలిచాను. వంగితే ఎక్కడ నొప్పో అడిగాను. ఆ కొలతల మీద రెండడుగుల ఎత్తు బల్ల చేశాను. కాళ్ళు పైన దగ్గరగా, కిందికి వచ్చేసరికి బయటికి వాలుగా ఉంటాయి. బోర్లించిన గ్లాసు మీద ఇంకో గ్లాసు బోర్లించినట్టు ఒక బల్ల ఇంకోదాని మీదికి దిగిపోతుంది. పది బల్లలు పేర్చినా దొంతర మా అక్క భుజం దాటదు. ఒక పక్క రెండు కాళ్ళకు చిన్న చక్రాలు పెట్టాను. రెండో పక్క ఎత్తి తోస్తే చాలు.

నమూనా తయారైన రోజు అక్కను పిలిచి ఎత్తమన్నాను. ఆమె పాత అలవాటు కొద్దీ కొంగు నడుముకు బిగించి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. ఎత్తిన ఊపుకి వెనక్కి తూలింది.

"ఏంట్రా ఇది, చాపలా ఉంది! లోపల చెక్క పెట్టావా, మర్చిపోయావా?"

అయ్యా, ముప్పై ఏళ్ళ ప్రసంగాల్లో నాకు అంతటి ఆమెన్ ఎవరూ చెప్పలేదు.

3. నమూనాను తనిఖీ చేయడానికి తమ సహాయ ఇంజినీరు వారు మా పాకకు వచ్చారు. ఆఫీసులో అందరూ ఆయన్ను మీసాల ఇంజినీరు అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. సంచిలోంచి దారానికి కట్టిన మట్టపుగుండు తీసి నా బల్ల కాలి పక్కన వేలాడదీశారు.

"ఏం పెద్దాయనా, ఇది కాళ్ళు చాపుకుని నిలబడిందేం?"

"చాపుకుంటేనే సార్, దీని మీద ఇంకోటి కూర్చునేది."

"ఫారంలో 'కాళ్ళు నిటారుగా ఉన్నవా' అని ఉందయ్యా. అవును, కాదు. రెండే గళ్ళు."

"అది మామూలు బల్ల ఫారం సార్."

"బల్లకి ఒకటే ఫారం. బల్లల్లో కులాలు లేవు." ఇలా అని ఆయనే నవ్వి, ఒక పక్క ఎత్తి తోశారు. బల్ల హాయిగా జరిగింది. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇదిగో, ఇంకోటి. 'కదలకుండా స్థిరంగా ఉన్నదా?' నీ బల్ల కదులుతోంది."

"కదలడానికే కదా సార్ మీరు చెయ్యమన్నది!"

"ఆర్డరు వేరు, తనిఖీ వేరు. ఆర్డరు ప్రకారం కదలాలి. తనిఖీ ప్రకారం కదలకూడదు. నేను తనిఖీకి వచ్చాను."

పూర్వం ఒక ప్రవక్తకు దర్శనంలో దేవుడు చేతిలో మట్టపుగుండు పట్టుకొని కనబడ్డాడు. ఆ గుండును దేవుడు గోడకు పెట్టాడు, జనానికి పెట్టాడు. పసిపిల్లల బల్ల కాలికి పెట్టలేదు. దేవుడు చేయని తనిఖీ మీసాల ఇంజినీరు చేశారు. ఆ పూటే నా బల్ల బొమ్మ మీద ఎర్ర పెన్నుతో కాళ్ళు నిటారు చేశారు, చక్రాలు కొట్టేశారు. పేరు మాత్రం మార్చలేదు. ఆ బొమ్మ ప్రకారం అయిదు వందల బల్లలు తయారయ్యాయి. ప్రతి బల్ల కింద రేకుముక్క మీద "పేర్చదగిన, కదపదగిన బల్ల" అని అచ్చు కొట్టారు. దాని కింద రూపకర్త అని నా పేరు.

4. ఈ అంశం రాయకుండా దాటేద్దామనుకున్నాను. దాటనివ్వలేదు, లోపల ఒకాయన ఉన్నాడు. ఎర్ర పెన్ను పడిన బొమ్మ మీద నేను సంతకం చేశాను. చూడక చేయలేదు, చూసే చేశాను. "రూపకర్త అని రాసిన చోట పెట్టు పెద్దాయనా" అన్నారు ఇంజినీరు వారు. జీవితంలో ఎవడూ నన్ను ఆ మాట అనలేదు. పాములు పండు ఇవ్వడమే కాదు, పెన్ను కూడా ఇస్తాయని అప్పుడు తెలియలేదు.

5. మా హాలుకు పది బల్లలు వచ్చాయి. వాటితోపాటు సర్క్యులర్ వచ్చింది: ప్రతి సాయంత్రం పది బల్లలూ ఒకే దొంతరగా పేర్చవలెను, ఒక్కటి కూడా నేల మీద విడిగా ఉండరాదు. నిటారు కాళ్ళ బల్ల బల్లలోకి దిగదు, నెత్తి మీద నిలబడుతుంది. పది నిలబెడితే ఇరవై అడుగులు. హాలు కప్పు పదకొండు అడుగులు. ఈ హెచ్చవేత రెండో తరగతి పిల్లలు చేయగలరు. సర్క్యులర్ రాసినాయనకు ఆ పిల్లల్ని అప్పివ్వడానికి నేను సిద్ధం.

మా అక్క మూడేసి చొప్పున మూడు దొంతరలు పెట్టేది. పదోది తలుపు పక్కన ఉంచేసేది. నెల రోజులు అలా గడిచింది. తనిఖీకి ముందురోజు పెద్ద టీచరు గారు వచ్చి, "ఆయమ్మా, ఆ ఒక్కటీ కూడా ఎక్కించెయ్యి తల్లీ, రేపు మీసాలాయన వస్తున్నాడు, ఆ ఒక్కదాని కోసం నాకు మెమో ఇస్తాడు" అన్నారు. మా అక్క కుర్చీ ఎక్కి, పదో బల్లను తల మీదికెత్తి, ఆరడుగుల దొంతర పైన పెట్టబోయింది. నాలుగు కాళ్ళలో మూడు ఆనాయి. నాలుగోది అంచు దాటింది. దొంతర మొత్తం ఆమె వైపే వచ్చింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆసుపత్రిలో నేను ఇంజినీరును తిట్టడం మొదలుపెడితే ఆమె ఎడం చేత్తో నా నోరు మూసింది.

"అతన్ని అనకురా. జారుతుందని నాకూ అనిపించింది. కింద నీ పేరు కనబడింది. నువ్వు చేసిందేగా, నిలబడుతుందిలే అనుకుని ఎక్కించాను."

6. ప్రమాదంపై విచారణాధికారిగా ఎవరిని వేశారో తమకు తెలుసు. సంతకం తమదే. బల్లను పాడు చేసినాయనే బల్ల ఎందుకు పడిందో కనుక్కోవడానికి వచ్చారు. అదే హాలులో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. మా అక్క మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకొని నిలబడింది. అక్కడున్న నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"బల్ల కింద ఏం రాసుందమ్మా?"

"పేర్చదగిన బల్ల అని రాసుంది బాబూ."

"అంటే పేర్చితే నిలబడుతుందనేగా?"

"రాత అయితే అదే."

"మరి పడిందంటే తప్పెవరిది?"

"ఇంకెవరిది, పేర్చినదానిదే అంటారు. అంతేగా మీరు చెప్పించాలనుకుంటున్నది?"

"గుమాస్తాగారూ, రాసుకోండి. 'తప్పు పేర్చినదానిదే' అని ఆమె స్వయంగా ఒప్పుకున్నది."

మా అక్క వెటకారం ఆ విధంగా ప్రభుత్వ దస్త్రంలో వాంగ్మూలమైంది. నేను లేచి "ఇది అన్యాయం" అంటే, "పెద్దాయనా, రూపకర్తగా మీరు సాక్షి కావచ్చు, ముద్దాయి కావచ్చు, ఏది కావాలో ఆలోచించుకోండి" అన్నారు మీసాలు సవరించుకుంటూ.

7. వాక్యం చెప్పేవాడివి, క్షమించవేం అని తమరు అడగవచ్చు. మా సంఘంలో వాళ్ళూ అడిగారు. ఎన్నిసార్లు క్షమించాలో లేఖనంలో లెక్క ఉంది: డెబ్బై సార్లు ఏడు. హెచ్చవేస్తే నాలుగు వందల తొంభై. బల్లలు అయిదు వందలు. బల్లకొక క్షమాపణ చొప్పున నేను మోకాళ్ళ మీద ఉండి, మిగతా బడులకు వెళ్ళిన నాలుగు వందల తొంభై బల్లల విషయంలో మీసాల ఇంజినీరును పేరుపేరునా క్షమించాను. రెండు సాయంత్రాలు పట్టింది. మా హాలులో ఉన్నవి పది. ఆ పదింటికీ నా దగ్గర క్షమాపణ లేదు.

ఆ లెక్క అలా చేయకూడదని మా సంఘంలో ఒక టైలరమ్మ అంది. ఆమెను కూడా క్షమించాను.

8. మా అక్కను విధుల నుంచి తొలగిస్తూ తయారైన ఉత్తర్వు వచ్చే సోమవారం తమ సంతకానికి వస్తుంది. ఆమెకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆమెకు పిల్లలు లేరు. ఉన్నవాళ్ళందరూ పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం నాలుగుకి వెళ్ళిపోతారు. ఆ ఉత్తర్వు రద్దు చేయ ప్రార్థన.

9. ఇక శిక్షల విషయం. ఇందులో తమరికి శ్రమ లేకుండా నేనే ఆలోచించి పెట్టాను.

(అ) మీసాల ఇంజినీరు వారు సర్క్యులర్ ప్రకారం పది బల్లలనూ ఒకే దొంతరగా స్వయంగా పేర్చవలెను. నాలుగు గంటల బెల్లుకు మొదలుపెట్టవలెను. పిల్లలందరూ చూడవలెను. మా అక్కకు ఇప్పుడు ఎన్ని చేతులు పనిచేస్తున్నాయో ఆయనా అన్ని చేతులే వాడవలెను.

(ఆ) ఆఫీసులో ఆయన బల్ల తీసివేసి, సదరు రెండడుగుల బల్ల ఒకటి వేయవలెను. కుర్చీ మార్చనక్కరలేదు. ఆయన మోకాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారో ఆయనే తనిఖీ చేసుకుంటారు. దానికీ ఫారం ఉండే ఉంటుంది.

(ఇ) బల్లల కింద రేకుల మీద నా పేరు గీకేసి ఆయన పేరు వేయించవలెను. గీకడానికి నేనే ఉలి పట్టుకొని వస్తాను. అయిదు వందల బల్లలూ ఒక్కొక్కటే బోర్లించి గీకుతాను. ఎవరి సాయమూ అడగను.

(ఈ) పైవేవీ జరగని పక్షంలో, ఇంజినీరు వారి ఇల్లు మా హాలుకు ఎదురుగానే ఉన్నదనీ, ఆదివారం మధ్యాహ్నం మైకు నా చేతిలో ఉంటుందనీ తమ దృష్టికి తెస్తున్నాను. ఇప్పటికి మూడు ఆదివారాలు అన్యాయపు న్యాయాధిపతి మీద ప్రసంగించాను. మొదటి వారం ఆయన కిటికీ మూసుకున్నారు. రెండో వారం కర్టెను వేసుకున్నారు. మూడో వారం ఆయన అత్తగారు వచ్చి మా ముందు వరసలో కూర్చున్నారు. "గట్టిగా చెప్పు నాయనా, వెనకాలవాళ్ళకు వినబడట్లేదు" అన్నారు. జనం వెనకాల, గుమ్మానికి ఎదురుగా ఉన్నది ఆయన ఇల్లే.

అయ్యా, మా ప్రభువు వడ్రంగి. బల్లలు చేసినవాడూ ఆయనే, ఒకరోజు కోపమొచ్చి బల్లలు తిరగదోసినవాడూ ఆయనే. మొదటి పనిలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. రెండో పనికి తమ అనుమతి కోరుతున్నాను.

పై సంగతులన్నీ తమ చిత్తానికి వదలక, చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంజినీరు వారికి కాదు),
వడ్రంగి.

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టబోతుండగా మా అక్క వచ్చి చదువుతానంది. కాగితాలు ఎడం చేత్తో పట్టుకొని, తిప్పడానికి గడ్డం ఆనించుకుంటూ మొత్తం చదివింది. చదివి కళ్ళద్దాలు తీసింది.

"ఇది ఎవరి గురించిరా?"

"నీ గురించేగా అక్కా."

"మీసాలాయన ప్రతి కాగితంలోనూ ఉన్నాడు. నా ఉద్యోగం ఎనిమిదోదాంట్లో ఉంది, అదీ నాలుగు ముక్కలు. విరిగింది నా చెయ్యా, నీ పేరా?"

నేను వాక్యం కోసం వెతుక్కున్నాను.

"సోమవారం ఆ అధికారి సంతకం పెట్టేముందు ఇది చదవాలి. ఇంత కోపం చదివేసరికి ఆయనకీ కోపం వస్తుంది. అది ఆయన మీద పడదు, నా మీద పడుతుంది. ఎనిమిదోది ఒక్కటే ఉంచు. మిగతావి కొట్టెయ్యి. నా ఎదురుగా కొట్టెయ్యి."

ఆమె చెప్పింది నిజం. కావున 1 నుంచి 7 వరకు, 9 పూర్తిగా కొట్టివేయడమైనది. తమరు 8వ అంశం మాత్రమే చదివి, ఉత్తర్వు రద్దు చేయవలెను. రద్దు చేసిన తర్వాత, తమరికి తీరిక దొరికినప్పుడు, ఆ కొట్టివేతలు వడ్రంగి పెన్సిలుతో మాత్రమే గీశానని గమనించ ప్రార్థన.

రబ్బరు ఒకటి ఇందుతో జతచేయడమైనది.